చట్టంలో మొదటి మాట అడ్వాన్సు

అచ్చులోంచి తీసిన ఇటుకను వెంటనే పేర్చరు. చదును చేసిన నేల మీద వరసలుగా పరిచి, ఒక పక్క ఆరాక రెండో పక్కకు తిప్పుతారు. ఇంకా పచ్చిగా ఉన్న ఆ వరసల మీద పెద్దవాళ్ల కాలు పడితే ఇటుక నలిగిపోతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలైతే తేలిగ్గా దాటుకుంటూ పోతారు, ఇటుకకు ఏమీ కాదు. అందుకని తిప్పే పని వాళ్లది. బట్టీ దగ్గరికి వెళ్లి అడిగితే ‘పిల్లలు పని చెయ్యరు సార్, అమ్మానాన్నల వెంట ఆడుకుంటుంటారు’ అంటారు. రోడ్డు మీంచి చూస్తే అలాగే కనిపిస్తుంది కూడా. వంగడం, తిప్పడం, ఒక అడుగు జరగడం. దగ్గరికి పోయి చేతులు చూస్తే వేళ్ల కొసలు అరిగి, గోళ్ల చుట్టూ మట్టి గట్టిపడి ఉంటుంది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న రంగారెడ్డి, సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి జిల్లాల్లోనూ, ఉత్తరాన పెద్దపల్లి, కరీంనగర్ వైపూ చలికాలం మొదలు వానలు పడేదాకా బట్టీల దగ్గర కనిపించే ఈ పిల్లలకు తెలుగు రాదు. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వానాధారం మీద ఒక్క పంట పండే నేల అది. భాద్రపదంలో కొత్త బియ్యంతో చేసుకునే నువాఖాయి వాళ్లకు పెద్ద పండుగ. పండుగ ఖర్చు, పాత అప్పు, ఇంట్లో ఒకరి జబ్బు, పిల్ల పెళ్లి అన్నీ ఆ రోజుల్లోనే ఒకేసారి గుమ్మం ముందుకొస్తాయి. సరిగ్గా అప్పుడే కూలీలను కుదిర్చే సర్దార్ వస్తాడు. చేతిలో నోట్ల కట్ట ఉంటుంది. బ్యాంకు అడిగే కాగితాలేవీ అతను అడగడు.

సర్దార్‌ను రాక్షసుడిగా చూపించడం తేలిక. చాలాచోట్ల అతను పదేళ్ల కిందట అదే బట్టీలో మట్టి తొక్కినవాడే, అదే ఊరివాడే. పై మెట్టులో ఉన్న కాంట్రాక్టరు అతనికి డబ్బిస్తాడు, ఆ కాంట్రాక్టరుకు బట్టీ సేటు ఇస్తాడు. ఆ డబ్బు కిందికి దిగేకొద్దీ ప్రతి మెట్టు దగ్గరా కొంత మిగిలిపోతుంది. చివరికి కూలి చేతికి అందిన మొత్తం ఒకటైతే, సేటు పుస్తకంలో అతని పేరు మీద రాసిన మొత్తం మరొకటి.

ఈ వలసకు ఒడిశాలో ఒక పేరుంది: దాదన్. ఆ మాటకు అర్థం ముందుగా ఇచ్చిన డబ్బు. అంటే అక్కడ మనిషిని చేసే పనితో పిలవరు, మీద ఉన్న అడ్వాన్సుతో పిలుస్తారు. దాదన్ శ్రమిక్ అంటే అడ్వాన్సు కూలి అని. అడ్వాన్సు ఒక్క మనిషికి కూడా ఇవ్వరు. దానికీ ఒక లెక్క ఉంది, పథురియా అంటారు. మట్టి కలిపి అచ్చు వేసే మగమనిషి, మట్టి ముద్దలు అందించే ఆడమనిషి, తిప్పి పేర్చే పిల్లో పిల్లవాడో. ఆ ముగ్గురూ కలిస్తే ఒక యూనిట్. పిల్లలు లేని కొత్త దంపతులు బంధువుల పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరడం అందుకే. కాబట్టి బట్టీలో బాలకార్మికుడు అనుకోకుండా తల్లి చెంగు పట్టుకుని వచ్చినవాడు కాదు. ఊళ్లో డబ్బు చేతులు మారినప్పుడే అతని పని కూడా లెక్కలో పడింది. మనుషుల అక్రమ రవాణా అంటే చీకట్లో మూసిన లారీ అనుకుంటాం. ఇక్కడ జరిగేది పట్టపగలు, కాంటాబాంజీ రైల్వే స్టేషన్లో, టికెట్టు కొనుక్కునే.

కాంటాబాంజీ గురించి ఒక మాట. బలంగీర్ జిల్లాలోని ఆ చిన్న పట్నం వలసకు రేవు లాంటిది. 2024 ఎన్నికల్లో అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ తన సొంత హింజిలితో పాటు అక్కడినుంచీ పోటీ చేశారు. ప్రచారంలో వలస పెద్ద అంశమైంది. బీజేపీ అభ్యర్థి లక్ష్మణ్ బాగ్ చేతిలో 16 వేలకు పైగా ఓట్ల తేడాతో ఆయన ఓడిపోయారు. రెండు దశాబ్దాలకు పైగా రాష్ట్రాన్ని ఏలిన మనిషిని ఓడించగలిగిన ఆ ప్రాంతం, సర్దార్‌ను మాత్రం ఓడించలేకపోతోంది.

బట్టీలో లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. సులువుగా అర్థం కావడానికి ఉజ్జాయింపు అంకెలే తీసుకుంటాను. ముగ్గురి యూనిట్‌కు అడ్వాన్సు 90 వేలు. వెయ్యి ఇటుకలకు రేటు 600. రోజుకు వెయ్యి చొప్పున 150 రోజులు వేస్తే లక్షా యాభై వేల ఇటుకలు, కూలి 90 వేలు. బాకీ చెల్లు అనుకుంటాం. కానీ బట్టీలో తిండి ఉత్తపుణ్యానికి రాదు. వారం వారం నూకలకు, ఉప్పూ పప్పుకు ఇచ్చే డబ్బును ఖురాకీ అంటారు, అదీ పుస్తకంలో ఎక్కుతుంది. వారానికి 800 అనుకుంటే 25 వారాల సీజనుకు 20 వేలు. మార్చిలోనో ఏప్రిల్‌లోనో రాళ్లవాన పడి పచ్చి ఇటుకలు కరిగిపోతే ఆ నష్టం కూలిదే, మళ్లీ వెయ్యాలి. సీజను అయ్యేసరికి ఆరునెలల చాకిరీ చేసిన కుటుంబం సేటుకు 20 వేలు బాకీ ఉంటుంది. ఆ బాకీ వచ్చే నువాఖాయికి సర్దార్ నోట పాతబాకీగా తిరిగి వినిపిస్తుంది. మట్టి చల్లగా ఉన్నప్పుడే పని సాగుతుందని రాత్రి రెండింటికో మూడింటికో లేచే ముగ్గురికీ కలిపి రోజుకు 600. అందులో పిల్లవాడి వాటా ఎంతని లెక్కలు రాసే ఏ మున్షీ రాయడు.

లెక్క పుస్తకం మున్షీ దగ్గరే ఉంటుంది, కూలి దగ్గర చిత్తుకాగితం కూడా ఉండదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చినా, అంతకుముందు ఎమర్జెన్సీలో తెచ్చిన ఆర్డినెన్సు తేదీ నుంచే, అంటే 1975 అక్టోబరు 25 నుంచే అమల్లోకి వచ్చినట్టు. యాభై ఏళ్లు దాటిపోయాయి. ఆ చట్టం దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లన్నీ వరసగా రాసింది. అందులో మనకు పరిచయమైన మాటలు నాలుగున్నాయి: భగేలా, జీతా, పాలేరు, వెట్టి. జాబితాలో చిట్టచివరి మాట వెట్టి. నిజాం కాలంలోనే భగేలా ఒప్పందాలను అదుపు చెయ్యడానికి చట్టం చెయ్యాల్సి వచ్చిన నేల ఇది. దొర గడీ ముందు తలవంచని ఆ చరిత్రను పాటల్లో, నవలల్లో, సినిమాల్లో చెప్పుకుని గర్వపడతాం. అదే చట్టంలో నిర్వచనాల సెక్షను తెరిస్తే, మొట్టమొదట వివరించిన మాట ఏమిటో తెలుసా? అడ్వాన్సు. నగదుగా ఇచ్చినా, వస్తువుగా ఇచ్చినా, అటు కొంత ఇటు కొంత ఇచ్చినా అడ్వాన్సే. దానికి బదులుగా మనిషి తన శ్రమను, స్వేచ్ఛగా తిరిగే హక్కును, ఇంకోచోట పని వెతుక్కునే హక్కును వదులుకోవాల్సి వస్తే అది వెట్టి.

అయినా బట్టీకి తనిఖీకి వెళ్లిన అధికారి చెప్పే మాట ఒకటే: ‘వాళ్లే అడ్వాన్సు తీసుకున్నారు కదా, తీరేదాకా పనిచేస్తున్నారు, ఇందులో వెట్టి ఏముంది?’ చట్టం దేన్ని నేరానికి గుర్తుగా చెప్పిందో, దాన్నే ఆయన నిర్దోషిత్వానికి రుజువుగా చూపిస్తున్నాడు. అప్పు లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత కూలీ మీద పెట్టలేదు. అది వెట్టి అప్పు కాదని అప్పిచ్చినవాడే చూపించుకోవాలని 15వ సెక్షను చెబుతోంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడమే రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ అంది. గొలుసులు, తాళాలు ఉండనక్కర్లేదు, ఆకలి బలవంతం కూడా బలవంతమే అన్నది దాని సారం. ఈ తీర్పు చదవకుండా బట్టీకి వెళ్లే అధికారికి, అక్కడ గేటుకు తాళం కనిపించకపోతే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

సేట్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. అడ్వాన్సు తీసుకుని రానివాళ్లున్నారు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లున్నారు. డబ్బు పోగొట్టుకున్న యజమాని కోర్టుకు వెళ్లొచ్చు, వెళ్లడు. ఎందుకంటే ఆ లెక్క కోర్టులో నిలవదని అతనికీ తెలుసు. అప్పుడు ఏం జరుగుతుందో 2013 డిసెంబరులో కలహండి చూపించింది. అడ్వాన్సు తీసుకున్న కూలీల గుంపులో మిగతావాళ్లు తప్పించుకుపోయారన్న కోపంతో, చేతికి చిక్కిన ఇద్దరి కుడిచేతులు నరికేశారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. ఎప్పుడో ఒకసారి జరిగే ఘోరమని అనుకోవచ్చు. కానీ ఒక చెయ్యి తెగితే ఆ కథ వెయ్యి బట్టీలకు చేరుతుంది, మరి కొన్నేళ్లు ఎవరూ పారిపోరు.

మన పోలీసులు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజుల తయారీ గదుల మీద దాడి చేసి రెండొందల మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. గాలి ఆడని గదుల్లో, రసాయనాల వాసన మధ్య పొద్దున్నుంచి రాత్రిదాకా గాజులకు రాళ్లు అతికించే పని. అక్కడా కథ మొదలైంది తల్లిదండ్రుల చేతిలో పెట్టిన అడ్వాన్సుతోనే. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లాలోని ఒక బట్టీ నుంచి ఇంచుమించు 200 మంది ఒడిశా పిల్లలను విడిపించారు. అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్‌కు అక్రమ రవాణాపై పోరాటానికి ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వ గుర్తింపు దక్కింది. పిల్లలను వెతికి విడిపించడానికి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతున్నాయి. జులైలో బట్టీలన్నీ మూతపడి ఉంటాయని ఎవరైనా పై అధికారులకు చెబితే బాగుండు. వానల్లో ఇటుకలు వెయ్యరు. ఆ నెల ఎంత వెతికినా బట్టీ పిల్లలు దొరకరు, వాళ్లు అప్పటికి బలంగీర్ చేరి ఉంటారు.

అసలు చిక్కు విడిపించిన తర్వాత ఉంది. మర్నాడు పత్రికల్లో ఫోటో, అరటిపండ్లు, బిస్కెట్ పొట్లాలు, రైలు టికెట్టు. తల్లిదండ్రుల వెట్టి సంగతి ఎవరూ రాయరు. పిల్లలు మాత్రమే బాధితులని, పెద్దవాళ్లు తమ ఇష్టప్రకారం పనిచేస్తున్న కూలీలని కాగితాల మీద తేలిపోతుంది. పథురియాలోంచి ఒక మూడోవంతును బయటికి తీసి, మిగతా రెండువంతులను అక్కడే వదిలేసినట్టు. ఊరికి పోయిన పిల్ల మళ్లీ ఎక్కడికి వస్తుంది? అమ్మ ఉన్నచోటికే.

ఇక్కడ కావలసిన కాగితం ఒకటుంది. ఆర్డీవో స్థాయి అధికారి ఇచ్చే విముక్తి పత్రం. అది చేతిలో ఉంటే పాత అప్పు రద్దయినట్టు, మళ్లీ వసూలు చేస్తే నేరం. కేంద్ర పునరావాస పథకం ప్రకారం మగవారికి లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు ఇవ్వాలి. కానీ తక్షణం చేతికొచ్చేది 30 వేలు. మిగతాది నేరం రుజువై శిక్ష పడ్డాకే. ఒడిశాలో కూలి, తెలంగాణలో కేసు, సాక్ష్యానికి రావడానికి రైలు ఛార్జీ కూడా లేని మనిషి. ఆ శిక్ష ఎప్పుడు పడాలి, ఆ డబ్బు ఎప్పుడు రావాలి? చట్టమేమో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కే అధికారమిచ్చి సత్వర విచారణ జరిపించవచ్చు అంది. ఆ అధికారం వాడితే కూలీలు రైలెక్కకముందే వాంగ్మూలాలు పూర్తవుతాయి. వాడరు. విముక్తి పత్రం ఇవ్వకుండా రైలెక్కించడమంటే నా దృష్టిలో అది విముక్తి కాదు. కూలి డబ్బులు ఎగ్గొట్టి పంపించేయడం, అదీ సర్కారు ఖర్చుతో.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. 2016లో బండారు దత్తాత్రేయ కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 2030 నాటికి కోటీ 84 లక్షల మందిని వెట్టి నుంచి విడిపించి పునరావాసం కల్పిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాదికి 12 లక్షల మందికి పైనే. 1978 నుంచి 2023 మొదలుదాకా, అంటే దాదాపు 45 ఏళ్లలో విడిపించినవాళ్లు మొత్తం కలిపి సుమారు 3.15 లక్షలు. ఏడాదికి 7 వేలు. గడువు ఇంకెంతో దూరం లేదు. ఆ లక్ష్యం గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్లే లేరు.

కొత్త చట్టాలు దారి సులువు చేశాయా అంటే అదీ లేదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను మనుషుల అక్రమ రవాణాకు శిక్షలు గట్టిగానే పెట్టింది. దోపిడీ అంటే ఏమిటో చెబుతూ లైంగిక దోపిడీ, బానిసత్వం, అవయవాల తొలగింపుతో పాటు భిక్షాటనను పేరుపెట్టి చేర్చింది. బలవంతపు చాకిరీ అన్న మాటను మాత్రం ఆ వరసలో రాయలేదు. శారీరక దోపిడీ అన్న విశాలమైన మాటలోకి దాన్ని లాగి వాదించుకోవాలి. స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాసే ఎస్సై అంత వాదన చేస్తాడా? అంతర్రాష్ట్ర వలస కార్మికుల 1979 చట్టం, అసలు ఒడిశా 1975లో చేసుకున్న దాదన్ కూలీల చట్టం వెనకే వచ్చింది. ఇప్పుడది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. పాత చట్టం ఐదుగురు వలస కూలీలున్నా వర్తించేది, కోడ్ పదిమంది ఉండాలంటోంది. ఊరు వదిలి వచ్చినందుకు ఇచ్చే స్థానభ్రంశ భత్యం కూడా పోయింది. సర్దార్ ఏ కాగితం మీదా కాంట్రాక్టరు కాదు కనుక, అతనికి ఏ చట్టమైనా ఒకటే.

మనకు ఈ బాధ తెలియనిదేం కాదు. ఆనకట్ట ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ కావాలన్న రోజుల్లో, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపులు గుంపులుగా తీసుకుపోయినవాళ్లు మన మహబూబ్‌నగర్ పల్లెలవాళ్లే. ముసలివాళ్లను ఊళ్లో వదిలి పిల్లలను చంకనెత్తుకుని వెళ్లారు. గల్ఫ్‌లో యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే పారిపోయి ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని కూలి, అయినవాడి కష్టం కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లలో ఇప్పటికీ కథలుగా చెబుతారు. 2024లో కంబోడియాలో సైబర్ మోసాల కంపెనీలకు అమ్ముడుపోయిన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టినప్పుడు ఎంత కలతపడ్డాం! నిన్ను ఇంతకు కొన్నాం, అంత కట్టి వెళ్లు అని వాళ్లకు చెప్పిన మాటకూ, బాకీ తీర్చి కదులు అని బట్టీలో చెప్పే మాటకూ తేడా ఎక్కడుంది? డాలర్లకూ రూపాయలకూ ఉన్న తేడా తప్ప. దుబాయ్‌లో తెలుగువాడిని కట్టేస్తే బానిసత్వం, పెద్దపల్లిలో ఒడియావాడిని కట్టేస్తే లేబర్ సమస్య.

బట్టీలతోనే ఇది ఆగదు. ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పత్తి విత్తన చేలల్లో పూలకు చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ పనికి వేలమంది ఆడపిల్లలను పెట్టుకున్నదీ తల్లిదండ్రులకు ఇచ్చిన అడ్వాన్సుల మీదే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా మిరప చేను నుంచి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లోని ఇంటికి నడిచి బయల్దేరిన పన్నెండేళ్ల గిరిజన బాలిక, మూడు రోజులు నడిచి ఊరు దగ్గరపడ్డాక ప్రాణం వదిలింది. ఆ పిల్ల చావు గురించి అందరం రాశాం. పన్నెండేళ్ల పిల్ల మన చేలో మిరపకాయలు ఎందుకు కోస్తోందని మాత్రం చాలా తక్కువమందిమి అడిగాం.

చెయ్యాల్సినవి కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. వలస వెళ్లే పల్లెల్లో పిల్లలు ఉండి చదువుకోవడానికి ఒడిశా సీజనల్ హాస్టళ్లు పెట్టింది. ఇక్కడ బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా చెప్పే వలంటీర్లతో బడులు నడిపిన అనుభవం ఉమ్మడి రాష్ట్రానికి ఉంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్న సూత్రంతో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో పనిచేసింది ఈ రంగారెడ్డి జిల్లాలోనే. అవన్నీ పనికొచ్చినవే. కానీ అడ్వాన్సును ముట్టుకోకుండా బడి కడితే, పొద్దున బడిలో ఉన్న పిల్ల రాత్రి మూడింటికి ఇటుకల దగ్గర ఉంటుంది. నువాఖాయికి సర్దార్ ఇచ్చే డబ్బు అదే రోజు చేతికొస్తుంది. ఉపాధి హామీ కూలి ఎప్పుడు ఖాతాలో పడుతుందో తెలియదు. వలస ఎక్కువగా ఉన్న 20 బ్లాకుల్లో 300 రోజుల పని ఇస్తామని ఒడిశా ప్రకటించింది, మంచిదే. రోజులు పెంచడం కన్నా పనిచేసిన వారంలోనే డబ్బివ్వడం సర్దార్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇటు తెలంగాణలో కలెక్టర్లు ఒక్క పని చేసినా చాలు. డిసెంబరులో ప్రతి బట్టీలో లెక్క పుస్తకం తెప్పించుకుని, ఎవరి పేరు మీద ఎంత అడ్వాన్సు రాసి ఉందో కూలీల ఎదుట, వాళ్లకు అర్థమయ్యే భాషలో చదివించాలి. వెట్టి అని తేలితే అక్కడికక్కడే విముక్తి పత్రం, అక్కడే విచారణ, చేసిన పనికి కనీస వేతనం లెక్కగట్టి సేటు చేత కట్టించడం. ఇందుకు కొత్త చట్టం, కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. 1976 నాటి చట్టమే చాలు. శిక్ష విషయంలో మాత్రం దాన్ని తిరగరాయక తప్పదు. మనిషిని వెట్టికి పెట్టుకున్నవాడికి ఆ చట్టం మూడేళ్లదాకా జైలుతో పాటు వేసే గరిష్ఠ జరిమానా 2 వేల రూపాయలు. యాభై ఏళ్లుగా ఆ అంకె మారలేదు. ఇవాళ ఆ డబ్బుకు ఒక ట్రాక్టరు ఇటుకలు కూడా రావు.